తొమ్మిదో అంశం: తోపుడు బండి

మా క్లబ్బులో సభ్యులు ముప్పై ఒక్క మంది. వేదిక మీద కుర్చీలు ఏడు. తర్వాత జరిగిందంతా ఈ రెండు అంకెల మధ్య జరిగినదే కాబట్టి వాటిని ముందే చెప్పేస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు సర్వే శాఖలో గొలుసు పట్టుకు తిరిగినవాణ్ణి. కొలతలు ఇవ్వకుండా ఏ విషయమూ మొదలుపెట్టడం నాకు చేతకాదు.

రేగివలస సౌహార్ద సేవా క్లబ్బు ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి కలుస్తుంది. ఏడింటికి గంట కొట్టగానే ముగుస్తుంది. ఈ గంటలో పది అంశాలు. ప్రార్థన, స్వాగతం, వేదిక మీదికి ఆహ్వానం, గత వారం మినిట్స్, పుట్టినరోజు శుభాకాంక్షలు, అధ్యక్షుల పలుకులు, ముఖ్య అతిథి పరిచయం, ముఖ్య అతిథి సందేశం, సేవ, వందన సమర్పణ. సేవ తొమ్మిదో అంశం ఎందుకైందని ఒక కొత్త సభ్యుడు ఒకసారి అడిగాడు. పదోది వందన సమర్పణ కాబట్టి అని అధ్యక్షులు చెప్పారు. ఆ జవాబు అతనికి బాగా నచ్చి ఇప్పటికీ చందా కడుతున్నాడు.

కార్యదర్శిగా నేను జూలై మొదటి గురువారం తొమ్మిదో అంశం కింద ఇలా రాశాను: "లెంక అసిరమ్మ గారికి తోపుడు బండి బహూకరణ."

అసిరమ్మ ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర జొన్నపొత్తులు కాల్చి అమ్ముతుంది. యాభై అయిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా పొత్తుల గంప నెత్తిన పెట్టుకుని, కుంపటి చేత్తో పట్టుకుని, మూడు కిలోమీటర్లు నడిచి వస్తోంది. మెడ ఎముకలు అరిగిపోయాయని, ఇక నెత్తిన బరువు ఎత్తితే చెయ్యి పడిపోతుందని డాక్టరు చెప్పాడు. ఏడాదిలో ఆమెకు వ్యాపారం ఉండేది పొత్తుల కాలంలోనే. జూలైలో మొదలై వినాయక చవితి దాటాక తగ్గిపోతుంది. ఈలోపు బండి దొరికితే ఏడాది గడుస్తుంది, దొరక్కపోతే మెడో బతుకుతెరువో ఏదో ఒకటి వదులుకోవాలి. ఈ సంగతంతా ఎవరిచేతో అర్జీ రాయించి మాకు పంపింది. మేము చలించిపోయాం. చలించినట్టు మినిట్స్‌లో కూడా ఉంది.

బండి నిజంగా బాగా కుదిరింది. నాలుగు సైకిలు చక్రాలు, ఆకుపచ్చ రంగు, పైన నున్నటి చెక్క. నాలుగు పక్కలా మా కార్యవర్గం పేర్లు హోదాలతో సహా రాయించాం. దాన్ని హాల్లో వేదిక పక్కన రిబ్బను కట్టి నిలబెట్టాం. అసిరమ్మ నీరుకావి చీర కట్టుకుని వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇన్నేసి పేర్లేటి బాబూ," అంది నాతో. "ఇది బండా, ఓటర్ల లిస్టా?"

ఆ రోజే ఇచ్చేసేవాళ్లం. ముఖ్య అతిథి తనతో బావమరిదిని వెంటబెట్టుకుని రావడంతో చిక్కు వచ్చిపడింది. బావమరిదికి కుర్చీ వెయ్యకపోతే బాగుండదు కదా. ఏడో కుర్చీ ఆయనకు పోయింది. ఆ ఏడో కుర్చీ మా పూర్వాధ్యక్షులు మండవిల్లి జోగారావు గారిది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ని వేదిక మీదికి పిలవలేదన్న సంగతి అధ్యక్షులు ఇప్పిలి చక్రధరరావు గారికి ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా తట్టింది. వెంటనే మైకులో పిలిచారు. కింద మొదటి వరసలో, ఫ్యాను కింద కూర్చుని ఉన్న జోగారావు గారు చిరునవ్వు నవ్వారు.

"పరవాలేదండీ," అన్నారు. "నాకు ఇక్కడ బాగానే ఉంది."

క్లబ్బులతో పరిచయం లేనివాళ్లకు ఇది మామూలు మాటలాగే వినిపిస్తుంది. తెలిసినవాళ్లకు గుండె జారిపోతుంది. చక్రధరరావు గారు ఊళ్లో పేరున్న స్టీలు సామాన్ల వ్యాపారి, కిందపడ్డ గిన్నె చప్పుడుకి కూడా బెదరని మనిషి. ఆయన ముఖం పాలిపోయింది. వేదిక దిగి వెళ్లి జోగారావు గారి చెయ్యి పట్టుకున్నారు. ముఖ్య అతిథి వెళ్లి రెండో చెయ్యి పట్టుకున్నారు. తప్పంతా తనదే అన్నట్టు బావమరిది కుర్చీ పట్టుకుని కిందికి దిగిపోయాడు. జోగారావు గారు మాత్రం, నాకు ఇక్కడ బాగానే ఉందండీ, గాలి కూడా బాగా వస్తోంది, అంటూనే ఉన్నారు. ఆరూ ఇరవై నుంచి ఏడు దాకా ఆయన్ని బతిమాలాం. ఏడింటికి గంట కొట్టారు. తొమ్మిదో అంశం పై వారానికి వాయిదా పడింది.

"మరి బండో?" అంది అసిరమ్మ.

"వచ్చే గురువారం," అన్నాను.

ఆదివారం ఉదయం చక్రధరరావు గారింట్లో అత్యవసర సమావేశం జరిగింది. ఒక మనిషి మనసు నొప్పించిన క్లబ్బు సేవ ఎలా చేస్తుంది అన్నది చర్చాంశం. ఇక మీదట పూర్వాధ్యక్షులందరూ వేదిక మీదే కూర్చోవాలని తీర్మానించాం. మా దగ్గర అధ్యక్ష పదవి ఏడాదికొకరికి తిరుగుతుంది కాబట్టి పూర్వాధ్యక్షులు పదిహేను మంది. దాంతో మిగతావాళ్లలో కాబోయే అధ్యక్షులు, మేమేం పాపం చేశామన్నారు. వాళ్లూ ఎక్కారు. చివరికి ఏ హోదా లేనివాళ్లు పదకొండు మంది కింద మిగిలారు. వాళ్లు ఏమీ అనలేదు. అనకపోవడమే మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది. వాళ్లకూ తలొక హోదా సృష్టించాం. ప్రార్థనాగీత పర్యవేక్షకులు, టీ విరామ సంచాలకులు, గత సమావేశ గైర్హాజరీ పరిశీలకులు, ఫ్యాన్ల సమన్వయకర్త. ఫ్యాన్ల సమన్వయకర్తకు కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. ఇంతవరకూ ఇంట్లో కూడా తనను ఎవరూ ఏదీ సమన్వయించమనలేదట.

ఇక కొలతల పని నాది. రెండు వరసలుగా వేస్తే ముప్పై ఒక్క కుర్చీలూ పాత వేదిక మీదే సరిపోతాయి. కానీ రెండో వరసలో కూర్చోవడాన్ని వేదిక మీద కూర్చోవడంగా పరిగణించలేమని సభ్యులు ఏకగ్రీవంగా తేల్చారు. అందరూ మొదటి వరసలోనే ఉండాలి. హాలు వెడల్పు నలభై అడుగులు. పందిరి సామాన్లవాడి దగ్గర బల్లలు తెచ్చి వేదికను ఈ గోడ నుంచి ఆ గోడకు పొడిగించాను. అడుగున్నరకొక కుర్చీ చొప్పున ఇరవై ఆరు పట్టాయి. మిగిలిన అయిదూ పక్కగోడ వెంబడి మలుపు తిప్పాను. మలుపు తిరిగినా మొదటి వరస మొదటి వరసే అని స్కేలు పెట్టి గీసి చూపించాక అందరూ ఒప్పుకున్నారు. సర్వీసులో ఉండగా ఎన్నో పొలం గట్లు తేల్చాను గానీ ఇంత సంతృప్తి ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి గురువారం ముప్పై ఒక్కమందీ వేదిక మీద ఉన్నారు. జోగారావు గారు సరిగ్గా మధ్యన. కింద నూట ఇరవై కుర్చీలు, అసిరమ్మ.

మైకు ముందుకు వచ్చిన ప్రతివాడూ వేదికను అలంకరించిన పెద్దలను పేరుపేరునా సంబోధించాలన్నది మా క్లబ్బు సంప్రదాయం. పేరొక్కటే చెబితే తిట్టినట్టు ఉంటుంది. "స్టీలు వాణిజ్య రంగంలో తమదైన ముద్ర వేసి, నిగర్విగా, స్నేహశీలిగా, ఆపన్నుల పాలిటి ఆపద్బాంధవుడిగా వెలుగొందుతున్న శ్రీ ఇప్పిలి చక్రధరరావు గారికి" అని ఉండాలి. వాచీ పెట్టి చూశాను. సగటున మనిషికి పద్దెనిమిది సెకన్లు. ముప్పై ఒక్కమందికీ కలిపి తొమ్మిది నిమిషాల పద్దెనిమిది సెకన్లు. ప్రార్థన పోగా, వందన సమర్పణలోనూ అందరి పేర్లూ చెప్పాలి కాబట్టి అది కూడా పోగా, గంటలో అయిదుగురు మాట్లాడవచ్చు. ఆ అయిదుగురూ సంబోధనలు మాత్రమే పూర్తి చెయ్యవచ్చు. విషయంలోకి దిగితే ఆరో సెకనుకే గంట మోగుతుంది.

మొదట్లో ఇది లోపమేమో అనుకున్నాం. కానీ ఆ గురువారం మా క్లబ్బు చరిత్రలోనే ఉత్తమ సమావేశమని అందరూ అన్నారు. అయిదుసార్లు తన పేరు విన్నవాడికి మనసు ఎంత తేలికపడుతుందో అనుభవించినవాడికే తెలుసు. వాదనలు లేవు, అభిప్రాయభేదాలు లేవు. విషయం ఉన్నప్పుడే కదా గొడవలు. కొందరు సంబోధనలకే ఊగిపోయారు. టీ విరామ సంచాలకులు తన వంతు రాగానే ఇంటికి ఫోను చేసి, ఫోను మైకు దగ్గర పెట్టి, భార్యకు కూడా వినిపించారు. విషయాన్ని కార్యక్రమం నుంచి పూర్తిగా తొలగించాలని చక్రధరరావు గారు అక్కడికక్కడే ప్రతిపాదించారు. చప్పట్లకు బల్లలు ఊగాయి.

"బండి ఇత్తారేటి బాబూ?" అంది అసిరమ్మ, నేను కిందికి దిగాక.

"సమయం చాల్లేదమ్మా. తొమ్మిదో అంశం కదా."

"మరి పేర్లు సదవడం ఎన్నో అంశం?"

నేను మినిట్స్ పుస్తకం మూశాను. ఆమె మెడకు పసుపు రాసిన గుడ్డ చుట్టుకుని ఉంది. గంప తలుపు బయట పెట్టి వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆ సంగతి రాయడానికి మినిట్స్‌లో కాలమ్ లేదు.

పై వారం సేవను ఒకటో అంశానికి మార్చాలని సూచించాను. ప్రార్థన కంటే ముందు సేవ ఏమిటి, దేవుడి కంటే మనం గొప్పవాళ్లమా అని ప్రార్థనాగీత పర్యవేక్షకులు లేచి నిలబడ్డారు. రెండో అంశానికి మార్చమన్నాను. స్వాగతం చెప్పకుండా బండి ఇస్తే అది దొంగచాటుగా ఇచ్చినట్టు ఉంటుందన్నారు. ఈ చర్చ కూడా సంబోధనలతో కలిపే సాగింది కాబట్టి మూడు వారాలు పట్టింది, చివరికి సేవ తొమ్మిదిలోనే ఉండిపోయింది.

ఆగస్టు వచ్చింది. పొత్తులు పాలుపోసుకుని లేతగా, తియ్యగా ఉన్న రోజులు. గురువారం సాయంత్రం కాంప్లెక్సు దగ్గర రద్దీ ఎక్కువ, ఆమెకు మంచి బేరం ఆ రోజే. అయినా ప్రతి గురువారం ఆరింటికి మా హాల్లో ఉండేది. ఎందుకంటే బహూకరణ సమయానికి లబ్ధిదారు హాజరు కాకపోతే బహుమతి రద్దవుతుందని మేము ఆమెకు కాగితం మీద రాసి ఇచ్చాం.

ఆగస్టు రెండో వారంలో జోన్ ప్రోటోకాల్ పరిశీలకులు దూసి సుదర్శనం గారు తనిఖీకి వచ్చారు. ఆయన వచ్చేటప్పుడు ఒక లావుపాటి నిబంధనావళి వస్తుంది, దాని వెనక ఆయన వస్తారు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశారు. మలుపు దగ్గర ఆగి నా భుజం తట్టారు. తర్వాత హాలు వైపు తిరిగి కళ్లద్దాలు సవరించుకున్నారు.

"సభికులెక్కడ?" అన్నారు.

"ఆవిడేనండి," అన్నారు చక్రధరరావు గారు.

సుదర్శనం గారు నిబంధనావళి తెరిచారు. "వేదికకు ఎదుట సభికులు లేనియెడల సదరు సమావేశము సమావేశముగా పరిగణింపబడదు. కనీస సంఖ్య చెప్పబడలేదు. చెప్పబడలేదు కాబట్టి ఒకరు చాలును." పుస్తకం మూశారు. "మీరు అదృష్టవంతులు. సున్నా అయ్యుంటే జూలై నుంచీ జరిగినవన్నీ రద్దయ్యేవి."

మేమందరం అసిరమ్మ వైపు కృతజ్ఞతగా చూశాం. ఆమె అప్పుడే ఆవలించి, చెంగుతో నోరు మూసుకుంది.

"ఇవాళైనా బండి ఇచ్చేద్దామండి," అన్నాను నేను.

"ఎలా ఇస్తారు?" అన్నారు సుదర్శనం గారు.

"వేదిక మీదికి పిలిచి, రిబ్బను కత్తిరించడానికి కత్తెర చేతికిచ్చి."

"ఆమె వేదిక ఎక్కినప్పుడు కింద సభికులు ఎందరు?"

 ఎంత పెద్ద ప్రమాదం అంచున నిలబడ్డామో అందరికీ ఒక్కసారి అర్థమైంది. ఆమె బండి అందుకోవాలంటే వేదిక ఎక్కాలి. ఎక్కితే సభికులు ఉండరు. సభికులు లేకపోతే సభ చెల్లదు. సభ చెల్లకపోతే అందులో ఇచ్చిన బండి చెల్లదు. చెల్లని బండి మీద పొత్తులు కాలిస్తే చట్టం ఏమంటుందో ఎవరికీ తెలియదు.

"మనమే కిందికి దిగి ఇస్తే?" అన్నాను.

"వందన సమర్పణ పూర్తికాక మునుపు వేదికను అలంకరించిన వారు వేదిక దిగరాదు," అన్నారు సుదర్శనం గారు పుస్తకం తెరవకుండానే. "వందన సమర్పణ పూర్తయ్యాక సమావేశం ఉండదు."

"ఇంకొక సభికుణ్ణి తీసుకొస్తేనో?"

చక్రధరరావు గారు నొచ్చుకున్నారు. "కార్యదర్శి గారూ, ఊళ్లో పెద్దమనిషిని పిలిచి కింద కూర్చోబెడతామా? పిలిచాక వేదిక మీద కూర్చోబెట్టకపోతే ఆయనేమనుకుంటాడు? అసిరమ్మంటే మన మనిషి. ఏమీ అనుకోదు."

అసిరమ్మ ఇకపై క్లబ్బుకు అత్యంత విలువైన వ్యక్తి అని, ఆమెకు ఏ పదవీ ఇవ్వరాదని, ఇస్తే వేదిక ఎక్కించాల్సి వస్తుందని తీర్మానం చేశాం. ఆమె సేవలను కొనియాడుతూ రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం.

"ఏటంటన్నారు బాబూ?" అని నన్ను అడిగింది.

"నువ్వు లేకపోతే మేం లేమంటున్నారమ్మా."

"అయితే బేగి బండి ఇచ్చీమనండి. నా మెడ లేకపోతే నాను లేను."

సుదర్శనం గారికి మా క్లబ్బు బాగా నచ్చింది. పరిశీలన పూర్తయ్యేదాకా ప్రతి గురువారం వస్తానన్నారు. పరిశీలకుల్ని కింద కూర్చోబెట్టే సాహసం ఎవరికుంటుంది? అప్పటికి ముప్పై ఒక్కమందిమి ఉన్నాం, ఆయనతో ముప్పై రెండు. పక్కగోడ వెంబడి ఆరో కుర్చీ వేద్దామంటే అక్కడ బల్ల అయిపోయింది. ఊళ్లో పెళ్లిళ్ల రోజులు, పందిరివాడి దగ్గర ఇంకో బల్ల లేదు. నేను టేపు తీసుకుని హాలంతా కొలిచాను. వేదిక ఎత్తు రెండడుగుల ఎనిమిది అంగుళాలు. తోపుడు బండి ఎత్తు రెండడుగుల పది అంగుళాలు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కొలత పైకి చెప్పకుండా ఉండాల్సింది. కానీ కొలత దాచడం నా రక్తంలో లేదు.

బండిని పక్కగోడ వేదికకు ఆనించి నిలిపి, చక్రాలు కదలకుండా అడ్డంగా ఇటుకలు పెట్టి, పైన చాప పరిచి, కుర్చీ వేశాం. అది రెండు అంగుళాలు ఎత్తు కాబట్టి విశిష్ట ఆసనంగా ప్రకటించాం. ఒకప్పుడు మనసు నొచ్చుకున్నందుకు పరిహారంగా దాన్ని జోగారావు గారికి ఇచ్చాం. ఆయన ఎక్కి కూర్చుని, అటూ ఇటూ చూసి, అందరి తలలూ తన భుజం దగ్గరికి వస్తున్నట్టు గమనించి, నెమ్మదిగా నవ్వారు. గాలి కూడా బాగా వస్తోందన్నారు.

దాంతో బండి ఇవ్వడమన్న ప్రశ్న పూర్తిగా మారిపోయింది. ఇంతకుముందు అది ఒక వస్తువు, ఇప్పుడు వేదికలో భాగం. వేదికను బహూకరించడానికి నిబంధన లేదు. పైగా బండి తీసేస్తే జోగారావు గారికి ఆసనం ఉండదు, ఆయన మళ్లీ కింద ఫ్యాను దగ్గర కూర్చుని, నాకు ఇక్కడ బాగానే ఉందంటారు. ఆ రోజు మళ్లీ చూసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

సెప్టెంబరు మొదటి గురువారం వాన పడుతోంది. వినాయక చవితి మూడు రోజుల్లో ఉంది. అసిరమ్మ తడిసిన గంప హాలు లోపలికే తెచ్చి, తలుపు పక్కన దించింది. దించడానికి చాలాసేపు పట్టింది. కుడిచెయ్యి సరిగ్గా లేవడం లేదు. తన కుర్చీలో కాసేపు కూర్చుంది. మైకు దగ్గర ఫ్యాన్ల సమన్వయకర్త పదకొండో పేరు దగ్గర ఉన్నాడు.

ఆమె లేచి, పక్కగోడ దగ్గరికి నడిచి వచ్చి, బండి ముందు నిలబడింది.

"దిగండి బాబూ," అంది జోగారావు గారితో.

జోగారావు గారు వంగి, గొంతు తగ్గించి, పాఠం చెప్పినట్టు చెప్పారు. "వందన సమర్పణ అవ్వకుండా దిగకూడదమ్మా. అది పద్ధతి కాదు. నీకు తెలీదు."

"ఇంకా ఏడు గంటలు కాల్లేదు, కాంప్లెక్సు కాడ బేరముంది. రేపటికి పొత్తులు ముదిరిపోతాయి. ఎవులు కొంతారు? దిగండి."

"అది కాదమ్మా, నేను దిగితే..."

"సరే, కూకోండి."

ఆమె వంగి ఒక ఇటుక తీసింది. రెండో ఇటుక తీసింది. మూడోది కాలితో తన్నింది. ఎడమచేత్తో బండి పట్టుకుని, భుజం ఆనించి, ఒక్క తోపు తోసింది. బండి వేదిక నుంచి విడిపోయింది. జోగారావు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. బండి నూట ఇరవై ఖాళీ కుర్చీల మధ్య దారిలో మెల్లగా వెళ్లింది. ఫ్యాన్ల సమన్వయకర్త సంప్రదాయం తప్పకుండా పద్నాలుగో పేరు, "విద్యారంగ దీపస్తంభం, నిరాడంబరులు శ్రీ మండవిల్లి జోగారావు గారికి" అన్నాడు. జోగారావు గారు బండి మీద నుంచే వెనక్కి తిరిగి నమస్కారం పెట్టారు. ఆమె తలుపు దగ్గర ఆగి, గంపా కుంపటీ ఎత్తి ఆయన కాళ్ల దగ్గర పెట్టి, వానలోకి తోసుకుంటూ పోయింది.

"ఆపండి," అన్నారు చక్రధరరావు గారు. ఎవరూ కదల్లేదు. కదిలితే వేదిక దిగాలి.

అందరం సుదర్శనం గారి వైపు చూశాం. ఆయన పుస్తకం తెరిచి చాలా పేజీలు తిప్పారు.

"సభికులు నిష్క్రమించారు," అన్నారు చివరికి. "కాబట్టి ఇది సమావేశం కాదు."

"అయితే దిగొచ్చాండి?"

"సమావేశం ముగిసినట్టు అధ్యక్షులు ప్రకటించాలి."

"ముగిసిందని ప్రకటిస్తున్నాను," అన్నారు చక్రధరరావు గారు.

"లేని సమావేశాన్ని ఎలా ముగిస్తారు?"

చక్రధరరావు గారు కూర్చున్నారు. ముప్పై ఒక్కమందిమీ కూర్చున్నాం. కింద ఒక్క మనిషి కూడా లేని హాల్లో వాన చప్పుడు మాత్రం వినిపిస్తోంది.  ఆమె చెయ్యి లేవకపోవడం గుర్తొచ్చింది. నా కొలతతోనే కదా ఆ బండికి ఇటుకలు పడ్డాయి అనుకున్నాను. గట్టిగా కోపం వచ్చింది, ముందు నా మీద, తర్వాత అందరి మీదా. మినిట్స్ పుస్తకం కుర్చీలో పెట్టి వేదిక దిగాను. వెనక నుంచి ఎవరో "కార్యదర్శి గారూ" అన్నారు. నేను తిరగలేదు.

కాంప్లెక్సు చేరేసరికి వాన తగ్గి తుంపర పడుతోంది. బండి బస్సులు బయటికొచ్చే దారి పక్కన షెడ్డు కింద ఆగి ఉంది. ఒక మూల కుంపటి రాజుకుంటోంది. రెండో మూల కుర్చీలో జోగారావు గారు. బండి చుట్టూ నలభైమంది దాకా జనం. కాలేజీ పిల్లలు, కండక్టర్లు, సంచులతో పల్లెటూరివాళ్లు. కుర్చీలో పెద్దాయన్ని పెట్టుకుని పొత్తులు అమ్మే బండిని వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

అంతమంది ఒక్కసారి తన వైపు చూడటం జోగారావు గారికి కూడా కొత్తే. జూలై నుంచి ఆయన ఎదుట ఒక్కరే సభికురాలు. అలవాటు కొద్దీ లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"వేదికను అలంకరించిన..." అని ఆగి, ఇటూ అటూ చూశారు. కుంపటి విసురుతున్న అసిరమ్మ తప్ప ఎవరూ లేరు. ఆయన ఆమె చెయ్యి వైపు చూశారు, మెడకు చుట్టిన గుడ్డ వైపు చూశారు. రెండు చేతులూ జోడించారు.

"అసిరమ్మ గారికి నమస్కారం," అన్నారు. 

"నమస్కారం బాబూ," అంది ఆమె. "దిగితే ఆ జాగాలో పొత్తులెట్టుకుంటాను."

జోగారావు గారు దిగారు. నేను చెయ్యి అందించాను. ఆయనే కుర్చీ కిందికి దించి, గంపలోంచి పొత్తులు తీసి బండి మీద వరసగా పేర్చి, ఆకులు ఒలవడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషి కదా, జనాన్ని కూడా వరసలో నిలబెట్టారు.

"హాల్లో ముప్పైమంది ఉన్నారమ్మా," అన్నాను అసిరమ్మతో. "దిగే దారి తెలీక కూర్చున్నారు. ముప్పై పొత్తులు కాల్చి ఇస్తే పట్టుకెళ్తాను."

ఆమె పొత్తు తిప్పుతూనే తల అడ్డంగా ఊపింది. "పట్టుకెల్లొద్దు బాబూ. ఆకలేత్తే ఆళ్లే దిగుతారు."

ఏడుంబావుకి మొదట దిగివచ్చింది సుదర్శనం గారే. నిబంధనావళి నెత్తిన పెట్టుకుని తుంపరలో పరుగెత్తుకుంటూ వచ్చి, తిన్నగా కుంపటి ముందుకు వెళ్లి నిలబడ్డారు. "నేను జోన్ ప్రోటోకాల్ పరిశీలకుణ్ణి," అని మొదలుపెట్టారు.

"ఎనక్కెల్లి నిలబడండి బాబూ," అంది అసిరమ్మ. "ముందొచ్చినోళ్లున్నారు."

ఆయన వరసంతా ఒకసారి చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని, చివరికి వెళ్లి నిలబడ్డారు. వరసలో నేను అప్పటికే పన్నెండోవాణ్ణి.